ఓబులేసు అనే పిలవండి

పోలండ్‌లో పుట్టినరోజుతో పాటు పేరు రోజు కూడా చేసుకుంటారు. క్యాలెండర్‌లో ప్రతి తేదీ కిందా ఆరోజు ఏ పేరువాళ్లదో అచ్చు వేస్తారు. మే 8 స్తానిస్వాఫ్‌లది. నేనుండే క్రాకవ్‌లో ఆ పేరుకు మర్యాద ఇంకాస్త ఎక్కువ. రాజు ఆగ్రహానికి 1079లో బలైన బిషప్ స్తానిస్వాఫ్ ఈ ఊరి బిషప్పే. ఏటా మే నెలలో ఆయన అస్థికలను వావెల్ కొండ మీది చర్చి నుంచి, ఆయన్ని చంపిన చోటని చెప్పే స్కావ్కా చర్చి దాకా ఊరేగిస్తారు. నిలవడం, కీర్తి అనే రెండు పాత స్లావు మాటలు కలిసి ఆ పేరైంది. పోలండ్ చివరి రాజుదీ, ‘సొలారిస్’ రాసిన లెమ్‌దీ అదే పేరు. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడికి వాళ్ల తాత పేరని అదే పెట్టారు. స్తాషెక్ అని పిలుస్తాం.

మా జేజినాయన పేరు ఓబులేసు. ఆయన మనవళ్లలో ఒక్కరికీ ఆ పేరు లేదు.

కర్నూలు, కడప సీమల్లో పుట్టినవాళ్లకు ఈ పేరు గురించి చెప్పక్కర్లేదు. ఆళ్లగడ్డ దగ్గర నల్లమలలో వెలసిన అహోబలేశుడే జనం నోట ఓబులేసయ్యాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహస్వామిని చూసి దేవతలు ‘అహో బలం’ అన్నారని స్థలపురాణం. ఆ ఒక్క పేరు నుంచే ఓబయ్య, ఓబన్న, ఓబుల్‌రెడ్డి, ఓబులమ్మ వచ్చారు. పాత కడప జిల్లాలో ఓబులవారిపల్లె ఒక మండలమే. వ్యాకరణం చదివినవాళ్లకు అహోబలపండితీయం తెలుసు. అది రాసినాయనదీ ఈ పేరే. తాళ్లపాక అన్నమయ్య వేదాంతం చదువుకున్నది అహోబల మఠం శఠగోప యతి దగ్గరే. పండితుడి పేరూ పశువుల కాపరి పేరూ ఒకటే కావడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను కదిలించేది 1846 నాటి సంగతి. కుంపిణీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పక్కన నిలబడి పోరాడినవాడు వడ్డె ఓబన్న. పాలెగాడిదీ, రాళ్లు కొట్టే కులంలో పుట్టినవాడిదీ ఒకే దేవుడి పేరు. ఒకాయనకు పురాణంలో ఉన్నట్టు, ఇంకొకాయనకు పల్లెలో పిలిచినట్టు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. ఓబన్న పేరు చాలాకాలం ఆయన నీడలోనే ఉండిపోయింది. ఇప్పుడు జనవరి 11న ఓబన్న జయంతి జరుపుతున్నారు. ఎప్పుడో జరగాల్సింది.

ఈ పేరు ఇంతగా ఎందుకు పాతుకుందో తెలియాలంటే అహోబలం పార్వేట ఉత్సవం చూడాలి. సంక్రాంతి వెళ్లగానే స్వామి కొండ దిగుతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి మించిన ఊళ్లు తిరుగుతూ తన పెళ్లికి తానే జనాన్ని పిలుస్తాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నల్లమల చెంచులకు ఆయన అల్లుడు. పల్లకి ఊళ్లోకి వస్తుంటే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి బోయీల కాళ్ల మీద పోసేవాళ్లు. మా జేజి పసుపు చేతులతోనే పల్లకి కొయ్య పట్టుకుని, ‘మా ఇంట్లో ఉండే ఓబులేసుకు గూడా నీ పెండ్లి చూపీ సామీ’ అని మొక్కేది. దేవుణ్ణి ఇంటి గడప దాకా చూసినవాళ్లు బిడ్డకు ఆయన పేరు పెట్టుకోవడంలో వింతేముంది?

ఆ పేరును మోటు చేసింది మనమే. సినిమాల్లో పాలేరుకో, నవ్వులపాలయ్యే వాడికో తగిలించాం. చదువుకున్న ఓబులేసులు ఓబుల్, ఓబి అని కుదించుకున్నారు. అమెరికా, యూరప్‌లలో మన పిల్లల పేర్లు ఆరవ్, విహాన్, అయాన్. వినడానికి బాగుంటాయి, కానీ ఏ ఊరివో ఎవరూ చెప్పలేరు.

మొన్న నంద్యాలలో మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. రోహిణి మొదటి పాదం, అక్షరం ‘ఓ’. ఓజస్ అనుకుంటున్నారట.

‘జేజినాయన పేరు పెట్టుమ్మా’ అన్నాను.

‘బడిలో ఎగతాళి చేస్తారన్నా. నువ్వు ఆడుంటావ్, పిల్లోడు ఈడ పడాల గదా’ అంది.

ఆమె భయం నాకు అర్థమవుతుంది. కానీ తొమ్మిది వందల ఏళ్లు పైబడిన పేరును ఇక్కడి పిల్లలు తలెత్తుకుని మోస్తుంటే రోజూ చూస్తున్నాను. స్తాషెక్‌ను ఎవరూ ఎగతాళి చేయడం లేదు. క్లాసుకు ఇద్దరు ముగ్గురు ఉంటే ఆ భయమే ఉండదు. ఆ మాటే చెప్పాను. బావను అడిగి చెప్తానంది. నామకరణానికి ఇంకా వారం ఉంది. ఈ ఆదివారం బావతో నేనే మాట్లాడతాను.