కల్లెడ మట్టి

వరంగల్లు నుండి పర్వతగిరి మండలమునకు పోవు బస్సులో, ఇరువైపుల పత్తిచేలను జూచుచు కూర్చున్న నాకు, నాలుగువందల మీటర్ల పరుగులో ప్రపంచ రికార్డును తిరుగవ్రాసిన బాలిక పుట్టినయూరు ఎట్లుండునో యను కుతూహలమే గాని వేఱొక తలంపు లేకుండెను. కల్లెడలో దిగి పాఠశాల యెక్కడనని యడుగగా, టీకొట్టు నడుపు నతడు “దీప్తి ఉరికిన బడేనా సారూ?” అని నాకే యెదురుప్రశ్న వేసెను.

జీవంజి దీప్తిని ఒకప్పుడీ యూరు పిలిచిన పేర్లు వేఱు. ఆమె పుట్టుకను గ్రహణమునకు ముడివెట్టి, ముఖమును జూచి నవ్వి, పిల్లను అనాథాశ్రమమున విడిచివేయుడని కూలినాలి చేసికొను తల్లిదండ్రులకు హితము చెప్పినవారును కలరు. ఆ వెక్కిరింపు మాటలు పత్రికలలో నిదివఱకే అచ్చుపడినవి; నేను మరల వ్రాయను.

ఆర్.డి.ఎఫ్. పాఠశాల పిల్లలు పరుగిడు చోట ఎఱ్ఱమట్టిపై సున్నపుగీతలు సగము చెరిగియున్నవి. పదేండ్ల పాప యొకతె, చెప్పులు గట్టుమీద విడిచి, కాలి బొటనవ్రేలిని మట్టిలో గ్రుచ్చి, ఈల వినబడకమునుపే ముందునకు దూకి, నాలుక కఱచుకొని వెనుకకు వచ్చినది. ఇట్టి పిల్లల నడుమ దీప్తిని మొదట కనిపెట్టినవారు వ్యాయామోపాధ్యాయులు బియాని వెంకటేశ్వర్లు. పిమ్మట శిక్షకులు నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాదునకు రప్పించిరి. పుల్లెల గోపీచంద్ సూచనపై సికిందరాబాదులో పరీక్షలు జరుపగా, బుద్ధివైకల్యము గలవారికై యేర్పడిన టి20 వర్గమున ఆమెకు అర్హత కలదని తేలెను.

నాలుగువందల మీటర్ల పందెమునకు కాళ్ళ బలమొక్కటియే చాలదు. మొదటి వంపులో నెంత వ్యయింపవలెను, ఆవలి తిన్నని దారిలో నెంత దాచుకొనవలెను, కడపటి నూఱు మీటర్లలో తొడలు బిగిసికొనిపోవునప్పటికి మిగులునదేమి యను లెక్క తలలో క్షణక్షణము నడువవలెను. ఆ లెక్కయే దుర్ఘటమైనవారు పోటీపడు వర్గమిది. అందు దీప్తి 2024 మే నెలలో జపానునందలి కోబేలో 55.07 సెకనులలో గమ్యము చేరి, అమెరికా క్రీడాకారిణి బ్రియానా క్లార్కు పేర నున్న 55.12 సెకనుల రికార్డును, రెప్పపాటునకును చాలని యంతరముతో చెఱిపివేసెను. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకనులతో కాంస్యము గెలిచినది. ఆ క్రీడలలోనే రికార్డు టర్కీ యువతి ఐసెల్ ఓండెర్ చేతికి పోయినది.

ఊరిలో నెవరును నాతో సెకనుల ముచ్చట చెప్పలేదు. వారి మాటలన్నియు ఒక చేని చుట్టును తిరిగినవి. మునుపొకప్పుడు ఇంటి యవసరమునకై తల్లిదండ్రు లమ్ముకొన్న చేను అది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల స్వర్ణమునకు లభించిన 30 లక్షల రూపాయలతో దానిని తిరిగి కొనిరి.