ఆట మానవలసిన వయసు

ఆటలు బాలికలకే గాని గృహిణులకు గావని మన యిండ్లలో నొక నమ్మకము నాటుకొని యున్నది. ఇది యే శాస్త్రమున వ్రాయబడెనో చెప్పగలవారు లేరు. అయినను దీనిని పాటింపని యిల్లు అరుదు. మగవాడు కాళ్లు సాగనప్పుడు ఆట మానును. ఆడుపిల్ల ఈడేరిన దినముననే మానవలెను. ఈ భేదమును గూర్చి సోదరీమణులతో నాలుగు మాటలు ముచ్చటింపవలెనని కొంతకాలముగా అనుకొనుచున్నాను.

మా కడప, కర్నూలు సీమలలో నీటికి కొదువ గాని రాతికి కొదువ లేదు. ఇంటిలో పరచినది కడప నల్లబండ. అరుగుమీద నున్నది బేతంచెర్ల నాపరాయి. చేని గట్టున నున్నదియు రాయియే. కావున మా ఆటలును రాతితోనే. తిరునాళ్లలో ఎద్దుల జతలు బండలు లాగుచుండగా ఊరి మగవారందరును గుమిగూడుదురు. పడుచువారు గుండు నెత్తి తమ బలము చూపుదురు. ఆడుపిల్లల పాలికి వచ్చినవి అచ్చనగండ్లును, తొక్కుడుబిళ్లయును. నేలపై బొగ్గుతో గడులు గీసి, నాపరాతి పెంకును ముందు వేసి, ఒంటికాలితో కుంటుచు దానిని పాదముతో గడి దాటించవలెను. బిళ్ల గీతమీద నిలిచినచో ఆట పోయినట్లే. బలముగా తన్నినను తప్పే, మెల్లగా తన్నినను తప్పే. ఎంత బలమునకు ఎంత దూరము పోవునో పాదమునకు తెలియవలెను. ఆ నేర్పు నాకు బాగుగానే యుండెడిది. నాకు పదమూడవ యేడు నడుచుచుండగా మా అవ్వ నా బిళ్లను తీసి దొడ్డిగోడమీద పెట్టినది. కోపముతో కాదు, పండుగ ముగిసిన తరువాత తోరణము తీసివేసినట్లు తీసివేసినది. "ఇంక చాలమ్మా" అన్నది. అంతటితో సరి.

తరువాత నలువదియైదేండ్లకు, 2024వ సంవత్సరపు చలికాలమున, చిన్నకూతురి పురిటికై కెనడా దేశములోని హాలిఫాక్సు నగరమునకు పోయితిని. బాలింతకు పథ్యము వండుటయు, పసిబిడ్డకు నీళ్లు పోయుటయు తప్ప వేరు పని లేదు. వెలుపల మోకాలిలోతు మంచు. ఒక సాయంకాలము అల్లుడు, "అత్తా, నాలుగు గోడల మధ్య విసిగిపోయినారు, ఒక గంట బయటికి రండి" అని పిలిచి, ఒక పెద్ద కట్టడములోనికి తీసికొనిపోయెను. లోపల నేలంతయు గడ్డకట్టిన నీరు. దానిమీద తలలు నెరసిన స్త్రీలు ఆడుచుండిరి. కొందరు నాకంటె పెద్దవారు. ఒకామె ఒక మోకాలు వంచి, రెండవ కాలు వెనుకకు చాచి, పిడిగల గుండ్రని రాతిని మెల్లగా ముందునకు జారవిడిచినది. ఇద్దరు చీపుళ్లు పట్టుకొని ఆ రాతికి ముందు ఊడ్చుచు పోయిరి. నాకు నవ్వు వచ్చినది. చీపురు పట్టుట కూడ ఒక యాటయేనా యని అల్లుని అడిగితిని.

ఆ యాట పేరు కర్లింగు. కొన్ని వందల యేండ్ల క్రిందట స్కాట్లండు దేశములో, గడ్డకట్టిన చెరువులమీద పుట్టినది. రాయి ఇంచుమించు 20 కిలోల బరువు గల గ్రానైటు. మేలైన రాయి స్కాట్లండు తీరమునకు దగ్గరనున్న ఐల్సా క్రెయిగ్ అను చిన్న దీవిలో దొరకును. జట్టుకు నలుగురు, ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరు రెండేసి రాళ్లు విడువవలెను. మంచుబాట పొడవు దాదాపు 150 అడుగులు. ఆ చివర గీసిన వలయముల నడిబొట్టునకు ఎవరి రాయి దగ్గరగా నిలుచునో వారిది గెలుపు. విడుచునప్పుడు పిడిని కొంచెము త్రిప్పుదురు గనుక రాయి వంపు తిరిగి పోవును. ముందు ఊడ్చినచో మంచు పైపొర రవంత వెచ్చబడి రాపిడి తగ్గును. రాయి మరికొంత దూరము, మరికొంత తిన్నగా సాగును. ఒకసారి విడిచిన రాతిని చేతితో తాకరాదు. చీపురు తప్ప వేరు సాధనము లేదు. ఆ వలయములకు వారు పెట్టిన పేరు ఏమనుకొన్నారు? ఇల్లు! ఇల్లును చీపురును గలిగిన ఆటలో స్త్రీకి చోటు లేదని యెవరనగలరు?

నా ప్రక్కన కూర్చున్న వృద్ధురాలు అల్లుని మూలమున నాకొక పేరు చెప్పినది. కోలీన్ జోన్సు. ఆ ఊరి ఆడుపడుచే. ఇంటికి వచ్చిన తరువాత కూతురు బిడ్డను ఒడిలో నుంచుకొని ఆమె చరిత్రను నాకు చదివి చెప్పినది.

కోలీన్ 1959 డిసెంబరులో హాలిఫాక్సులో పుట్టినది. తొమ్మండుగురు అక్కచెల్లెండ్రలో ఆమె యొకతె. పదునాలుగవ యేట కర్లింగు నేర్వ నారంభించినది. ఈ మాట వినగానే కూతురిని ఆపి మరల చదువుమంటిని. నా బిళ్ల గోడ యెక్కిన యీడుననే ఆమె చేతికి రాయి వచ్చినది!

1982లో, 22 యేండ్ల వయసున, జట్టునకు నాయికయై కెనడా స్త్రీల జాతీయ పందెమును గెలిచెను. రెండవసారి ఆ గెలుపు దక్కినది 1999లో. నడుమ పదునేడేండ్లు! ఆ పదునేడేండ్లలో పెండ్లి, ఇద్దరు కుమారులు, 1986 నుండి సీబీసీ ప్రసారసంస్థలో ఉద్యోగము. వాతావరణ వార్తలు, క్రీడావార్తలు చెప్పుట ఆమె పని. అయినను మంచును విడువలేదు. 1993లో స్త్రీపురుషులు కలిసి యాడు జాతీయ పందెమున గెలిచిన జట్టులో నుండెను. 1999 గెలుపు నాటికి ఆమెకు 39 యేండ్లు. తరువాత కిమ్ కెల్లీ, మేరీ ఆన్ ఆర్సెనో, నాన్సీ డెలాహంట్ అను చెలికత్తెలతో 2001 మొదలు 2004 వరకు వరుసగా నాలుగేండ్లు జాతీయ విజయము పొందెను. అట్లు వరుసగా నాలుగుమార్లు గెలిచిన నాయిక అంతకుముందు లేదు. 2001లో స్విట్జర్లాండులోని లోజాను నగరమున ప్రపంచవిజేతయయ్యెను. 2003లో తుదిపోరున అమెరికా జట్టునకు ఓడి, మరుసటి యేడు స్వీడనులో మరల ప్రపంచవిజేతయయ్యెను. అప్పటికి ఆమెకు 44 యేండ్లు. మన వైపు ఆ వయసునకు చాలమంది అవ్వలైయుందురు.

2010 చివర మెదడుపొరల వాపు వ్యాధి వచ్చి ఆసుపత్రి పాలయ్యెను. కోలుకొని మరల మంచుమీదికి వచ్చెను. 2013లో జాతీయ పందెమునకు పోయినప్పుడు ఆమె నాయిక కాదు. ఒకనాడు తన క్రింద ఆడిన మేరీ ఆన్ నాయికత్వమున తాను ఆడెను. నాకు కప్పులన్నిటికంటె ఇది గొప్పగా తోచినది. తాళపుచెవులు కోడలి చేతికిచ్చి, ఆ వంటయింటిలోనే మనసు నొచ్చుకొనక కూరలు తరుగుచు కూర్చుండగల అత్తలు మనలో నెందరు?

ఏబదియేండ్లు నిండినవారికి వేరుగా పెద్దల పందెములు కలవు. 2016లో కెనడా పెద్దల పందెమును, 2017లో లెత్‌బ్రిడ్జి నగరమున ప్రపంచ పెద్దల పందెమును ఆమె జట్టు గెలిచెను. అప్పుడామెకు 57 యేండ్లు. 2023లో ఉద్యోగము విరమించెను. 2025 నవంబరు 25వ తేదీన క్యాన్సరు వ్యాధితో, 65 యేండ్ల వయసున కన్ను మూసెను. కూతురు టెలిఫోనులో ఈ వార్త చెప్పినప్పుడు, ముఖమెరుగని ఆ మనిషికై నా మనసు బరువెక్కినది.

ఈ కథ చెప్పగా మా వదిన, "అది చలిదేశము, కలిగిన దేశము. కొళాయి నీళ్లకు కాచుకొని కూర్చుండు మనకు ఆటలేమిటి?" అన్నది. ఆమె మాటలో నిజము లేకపోలేదు. కాని కోలీను బ్రదుకులోను బిడ్డలు, వంట, ఉద్యోగము ఉన్నవే గదా. నేను అక్కడ చూచినది ధనము మాత్రమే కాదు. ముదుసలి స్త్రీకి పోవుటకొక తావు, ఆడుటకు తోడు, ఆ గంట ఆమెదేయని యెరిగిన ఇంటివారు. ఈ మూడును గలవు గనుకనే పదునేడేండ్లు గెలుపు రాకున్నను రాయి చేజారలేదు. మన పట్టణములలో ఏబదియేండ్ల ఇల్లాలికి గుడియు, పెండ్లియిల్లును తప్ప పోదగిన తావేది?

కర్లింగును మంచుమీది చదరంగ మందురు. అసలు చదరంగముననే మన తెలుగు తల్లి యొకతె ఈ సంగతిని ఋజువు చేసినది. గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదునైదేండ్లకే, గ్రాండుమాస్టరు బిరుదు పొందెను. 2017లో కూతురు పుట్టినప్పుడు ఇంచుమించు రెండేండ్లు పందెములకు దూరముగా నుండెను. ఇంక ఆమె ఆట ముగిసినదని తలచినవారుందురు. 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ఆమె వేగచదరంగమున ప్రపంచవిజేతయయ్యెను. మా కడప జిల్లా ఎర్రమల్లె గ్రామపు శ్రీచరణి 2025లో ప్రపంచకప్పు గెలిచిన భారత స్త్రీల క్రికెట్టు జట్టులో నుండి, ఆ పందెములలో 14 వికెట్లు తీసెను. మా ఎండలలో, మా రాళ్లమధ్య పెరిగిన పిల్లయే గదా!

పేరు వచ్చిన తరువాత వారిని చూచి అందరును చప్పట్లు కొట్టుదురు. నా చింత పేరు రాని పిల్లలను గూర్చి. మా పెద్దకుమారుని కూతురు బడిలో ఖోఖో ఆడును. ఈ యేడు ఈడేరినది. బంధువులు వచ్చి, చీరలు పెట్టి, అక్షతలు చల్లి, పోవునప్పుడు తలకొక మాట చెప్పిపోయిరి. ఇంక మైదానమునకు పంపవద్దనిరి. ఎండకు రంగు పోవుననిరి. రేపు సంబంధములు వచ్చునప్పుడు నలుగురు నాలుగు విధములుగా అనుకొందురనిరి. కోడలు మాటాడలేదు, నా ముఖము చూచినది. ఇంటికి పెద్దను గనుక మాట నాదే కావలెను. పిల్ల నా దగ్గరకు వచ్చి, "అవ్వా, నేను పోకపోతే మా జట్టుకు తొమ్మిదో మనిషి ఉండదు" అన్నది. తనకు ఆట కావలెనని అడుగలేదు. తన చోటు ఖాళీ యగునని అన్నది. ఇంటి పనులలో మనము నేర్పునది ఇదియే గదా! కోడలిని పిలిచి, "ఆటబట్టలు ఉతికి ఆరవేయమ్మా" అంటిని. అందునకు ఒకరిద్దరు బంధువులు నొచ్చుకొనిరి. ఆ నొప్పి నాలుగు నెలలకు తగ్గును. పిల్ల చేతి నుండి తీసి గోడమీద పెట్టినది నలువదియేండ్లకు గాని దిగిరాదు.

కావున, సోదరీమణులారా, నేను కోరునది పెద్దది కాదు. ఈడేరిన పిల్లకు పట్టుచీర పెట్టిననాడే, సాయంకాలమున ఒక గంట ఆమెదేయని ఇంటివారి యెదుట చెప్పుడు. ఆ మాట ఇంటిలోని పెద్ద ఆడుది చెప్పినచో కాదనువారు తక్కువ. ఇంక మన సంగతి. మా వీథిలో అయిదుగురము, అందరము ఏబది దాటినవారము, ఆదివారము ఉదయమున ఒక ఖాళీస్థలమున తాడు కట్టి, రబ్బరు రింగుతో టెన్నికాయిటు ఆడుచున్నాము. మొదట పిల్లలు నవ్విరి. ఇప్పుడు లెక్క వారే చెప్పుచున్నారు. మోకాళ్లు సాగనినాడు మేమును మానుదుము. అంతకుముందే మానుటకు తగిన కారణమును ఇంతవరకు నాకెవరును చెప్పలేదు.