వాసన పట్టిన కారు

కారులో దుర్వాసన ఎక్కడో తడి ఆరకపోవడం వల్లనో, ఏదో మితిమీరి వేడెక్కడం వల్లనో, కారకూడనిది కారడం వల్లనో పుడుతుంది. ఎక్కడన్నది తేల్చడానికి అది ఎప్పుడు వస్తోందో గమనించడమే మొదటి పని. ఏసీ వేసిన మొదటి నిమిషంలోనా, ఎండలో నిలిపి తలుపు తీసినప్పుడా, ఘాటీ దిగాకనా, వాన వెలిసిన మర్నాడా? ఇంకో పరీక్ష డాష్‌బోర్డు మీదే ఉంది. బయటి గాలి లోపలికి వచ్చేలా మీట పెట్టినప్పుడు వాసన పెరిగితే మూలం చాలావరకు బానెట్ కింద ఉంటుంది. లోపలి గాలే తిరిగేలా పెట్టినప్పుడు పెరిగితే సీట్ల కిందా డిక్కీలోనూ వెతకాలి.

రోజూ ఆ కారు నడిపేవారికి ఈ తేడాలు అందవు. ఒకే వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అద్దాలు బిగించి కారును రెండు గంటలు ఎండలో ఉంచి, అది ఎక్కే అలవాటు లేని మనిషి చేత తలుపు తీయించడం మేలు. అంతకుముందే లోపలి పరిమళాలన్నీ తీసేయాలి. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఛత్రపురం, రంగైలుండ, చికిటి ప్రాంతాల మొగలి పూల నుంచి ఆవిరి పట్టి తీసే అత్తరుకు దేశమంతటా పేరుంది. అందులోని ముఖ్య ద్రవ్యం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్. దాని ఘాటు చుక్కతోనే కారంతా కమ్ముకుంటుంది. అది బూజును పోగొట్టదు, దాని ఆనవాలును మాత్రం కప్పేస్తుంది. కారణం తేలేదాకా మొగలి ఎంత మంచిదైనా కారుకు దూరంగా ఉండాలి.

అదే జిల్లాలోని బరంపురం కార్లలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ముక్కిపోయిన వాసన. ఊరికి సముద్రం సుమారు 15 కిలోమీటర్లే; గాలిలో తేమకు కొదవ లేదు. ఏసీలోని చల్లటి కాయిల్ మీద ఆ తేమ నీరై, సన్నటి గొట్టం గుండా కారు కిందికి కారుతుంది. గొట్టంలో దుమ్మో ఆకులో అడ్డుపడితే నీరు వెనక్కి తన్ని ముందు సీటు కాళ్ల దగ్గరి కార్పెట్‌లోకి ఇంకుతుంది, అక్కడ బూజు పడుతుంది. ఉక్కపోతగా ఉన్న రోజు పావుగంట ఏసీ నడిపి కారు కిందికి చూడాలి. నేల పొడిగా ఉంటే గొట్టం మూసుకుపోయినట్టే. గొట్టం శుభ్రం చేయించి, ఏసీ ఫిల్టర్ మార్పించి, ఇల్లు చేరడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ కట్టేసి ఫ్యాను మాత్రం తిరగనిస్తే కాయిల్ ఆరుతుంది.

వరదనీరు చేరిన కారు సంగతి వేరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి వానల్లో నీళ్లలో నిలిచిన కారుకు పైన గుడ్డ పొడిగా కనిపించినా, కార్పెట్ కింది స్పాంజి వారాల తరబడి తడిగానే ఉంటుంది. సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి ఎండబెట్టడం తప్ప దీనికి మార్గం లేదు. పాత కారు కొనేవారు కార్పెట్ అంచు ఎత్తి వాసన చూడటం తప్పనిసరి.

గోపాల్‌పూర్ చేపలో, రంభ దగ్గర కొన్న చిలికా రొయ్యలో డిక్కీలో తెస్తే సంచి నుంచి కారిన నీరు నీచు వాసన మిగులుస్తుంది. ఆ వాసనకు ముఖ్య కారణమైన ట్రైమిథైలమీన్ క్షారం. ఆమ్లం తగిలితే అది గాలిలోకి లేవని లవణంగా మారుతుంది. చేపకు నిమ్మరసం పట్టించడంలో ఉన్న రహస్యమూ ఇదే. ముందు చన్నీళ్లతో కడిగి, తర్వాత నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడవాలి. వేడినీళ్లు పోస్తే మాంసకృత్తులు గడ్డకట్టి గుడ్డకు అంటుకుపోతాయి.

తప్తపాణి ఘాటీ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే ప్యాడ్లు కాలిన ఘాటు వాసన వస్తుంది. అప్పుడు కారు ఆపి చల్లారనిచ్చి, కింది గేరులో దిగాలి. ఎక్కేటప్పుడు కాగితం కాలినట్టుంటే క్లచ్ అరుగుతోందని అర్థం. తప్తపాణిలో ఉన్నది గంధకపు వేడినీటి ఊట కనుక అక్కడ వచ్చే కుళ్లిన గుడ్డు వాసనకు కారును అనుమానించనక్కర్లేదు. ఊట దాటి చాలా దూరం వచ్చినా అది వదలకపోతే బ్యాటరీ చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు కనుక సైలెన్సర్ వైపు అనుమానం తగ్గింది. మితిమీరి చార్జి అవుతున్న బ్యాటరీ వేడెక్కి ఉబ్బి, మండే వాయువును కూడా వదులుతుంది. దాని దగ్గర నిప్పు పనికిరాదు.

తియ్యటి వాసనతోపాటు ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పట్టి, కూలెంట్ తరుగుతుంటే హీటరు కారుతోంది. ఆ ద్రవం విషం. పెట్రోలు, గ్యాసు, కాలుతున్న వైరు వాసన వస్తే ఇంజను ఆపి అందరూ దిగిపోవాలి. పొగగొట్టం వాసన లోపలికి వస్తే దానితోపాటు ఏ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తున్నట్టే. అద్దాలన్నీ దించి, పక్కకు ఆపి, ఇంజను కట్టేసి దిగిపోవాలి. ఆ లీకు సరిచేయించేదాకా ఏసీ వేసుకుని అందులో నిద్రపోవడం ప్రాణాంతకం.