బాన్సువాడలో గట్టిమేళం

బాన్సువాడకి సంగీతం వినడానికని యెవరూ వెళ్ళరు. ధాన్యం బేరానికి వెళ్తారు, చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్తారు, నిజాంసాగరు చూడబోతూ దారిలో టీ తాగడానికి ఆగుతారు. నేను వెళ్ళిందీ పెళ్ళికే. మా కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పే మిత్రుడి కూతురి పెళ్ళి.

ఈ వూరు కామారెడ్డి జిల్లాలోది; 2016 దాకా నిజామాబాదు జిల్లా. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగరు ఆనకట్ట నీళ్ళు కాలవల్లో పారి ఈ చుట్టుపక్కల పొలాలని తడుపుతాయి. బస్సు కిటికీలోంచి చూస్తే కంటికి ఆనినంత మేరా వరే. అటు మరాఠీ సీమ, ఇటు కన్నడ సీమ దూరం కాకపోవడంచేత బజార్లో ఒక్క బేరంలోనే రెండు మూడు భాషలు వినిపిస్తాయి.

ముహూర్తానికి గంట ముందే పెళ్ళిమండపం చేరాను. లోపల వంటవాళ్ళూ, మేళంవాళ్ళూ తప్ప యెవరూ లేరు. మేళమంటే ఇద్దరే: నాదస్వరం పట్టిన పెద్దాయన, డోలు పట్టిన ఆయన కొడుకు. పూర్వం శ్రుతి పట్టడానికి వెనక ఒకరు కూర్చునేవారు. ఇప్పుడా పని చిన్న కరెంటు పెట్టె చేస్తోంది.

ఖాళీ కుర్చీల యెదుట ఆయన కల్యాణి ఎత్తుకున్నాడు. ఎంత నిదానం! ఒక్కొక్క స్వరం దగ్గరా ఆగి, దాన్ని పలకరించి, వీడ్కోలు తీసుకుని గాని ముందుకు కదలలేదు. పెళ్ళికూతురి నాయనమ్మగారు ఒక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, "నాయనా, సీతాకల్యాణ వైభోగమే వాయించవూ?" అని అడిగింది. త్యాగరాజస్వామి కీర్తన. చరణాలతో సహా వాయించాడు.

అంతే. బంధువులు దిగారు, లౌడు స్పీకర్లలో సినిమా పాటలు మొదలయ్యాయి. ఆ తరవాత మేళానికి తాళపత్రం పురోహితుడిగారి చెయ్యి. ఆయన చెయ్యి ఊపితే వాయించాలి, వారిస్తే ఆపాలి. మాంగల్యధారణ వేళ ఎవరి తుమ్మూ, ఎవరి అశుభపు మాటా చెవిన పడకుండా గట్టిమేళం మోగించడం మన ఆచారం. మరో శబ్దం వినిపించకుండా చెయ్యడమే దాని పని. సంగీతాన్ని వినడానికి కాక, ఇంకేదో వినకుండా వుండడానికి వాడుకోవడం ఇక్కడే చూస్తాం.

భోజనాలయ్యాక పెద్దాయన పక్కన కూర్చున్నాను.

"మా నాయన గుళ్ళె నేర్పిండు సారూ. తెల్లారంగ భూపాళం, పవళింపుసేవకు నీలాంబరి. ఆషాఢంల, మూఢంల పెండ్లిళ్ళుండవు. అప్పుడు దుకాణమే. మా ఇంట్ల రెండు పనిముట్లున్నయి. బువ్వ పెట్టేది కత్తెర, పేరు తెచ్చేది సన్నాయి."

"మరి అబ్బాయికి నేర్పలేదా?"

ఆయన కొడుకు వంక చూశాడు. "గట్టిమేళం మూడునెల్ల విద్యనేనాయె, దానికి పదేండ్లు రాగాలెందుకు నేర్వాలె అంటడు. ఏం జవాబు చెప్పాలె సారూ?"

ఈ ప్రశ్న బాన్సువాడది మాత్రమే కాదు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంలో దేశమంతా మెచ్చిన విద్వాంసుడు. 1977లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన స్థిరపడింది మాత్రం కావేరి ఒడ్డున శ్రీరంగంలో. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది, వారూ శ్రీరంగవాసులే. అక్కడ మేళం వచ్చిందంటే చుట్టూ చేరి, తల ఊపి, తాళం వేసి, తప్పు పడితే మొగం చిట్లించే జనం తరతరాలుగా వున్నారు. మన వైపు మర్యాదకి లోటు లేదు. మేళం లేనిదే పెళ్ళి కాదంటాం. బయానా ఇస్తాం, తాంబూలం ఇస్తాం. తిరుపతిలో దేవస్థానంవారు నాదస్వరానికీ డోలుకీ వేరే పాఠశాలే నడుపుతున్నారు. గురువున్నాడు, కూలి వుంది, బిరుదూ వుంది. లేనిది చెవి. "సన్నాయి నొక్కులు" అనే మాటని దెప్పిపొడుపుకి వాడుకునే జాతి మనది; అసలు నొక్కు ఎలా వుంటుందో విన్నవాళ్ళు మనలో ఎందరు?

ఆ కుర్రవాడి ప్రశ్నకి జవాబు తండ్రి దగ్గర లేదు, ఎందుకంటే అది చెప్పవలసింది మనం. దానికి సభలూ, సన్మానాలూ అక్కర్లేదు. శుభలేఖలో ముహూర్తం వేస్తాం, విందు వేళ వేస్తాం. వాటి పైన ఇంకొక్క పంక్తి అచ్చు వేయిద్దాం: "ముహూర్తానికి అరగంట ముందు సన్నాయి కచేరీ." ఆ అరగంటా స్పీకర్లు కట్టేయించి, పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెడదాం.

బయలుదేరేటప్పుడు ముట్టిందెంత అని అడిగితే పెద్దాయన డబ్బు లెక్క చెప్పలేదు. "పొద్దుగాల ఆ అమ్మ కూసొని ఇన్నది చూడు సారూ, ఇయ్యాల్టి కూలి అది" అన్నాడు. కొడుకు డోలుకి గుడ్డ చుడుతూ విననట్టే వున్నాడు. విన్నాడనే నా నమ్మకం.