'శుభం' కార్డు పడ్డాక... అండమాన్!

అండమాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? మా ఇంట్లో పెద్దవాళ్ళనడగండి, "అక్కినేని, వాణిశ్రీ!" అంటారు టక్కున. 1979లో వచ్చిన 'అండమాన్ అమ్మాయి' వాళ్ళ వయసునాటి ముచ్చట. నా ఈడువాళ్ళయితే 1996 నాటి 'కాలాపాని' అంటారు. మోహన్‌లాల్, టబు, సంతోష్ శివన్ కెమెరా! ఒకళ్ళకది డ్యూయెట్లు పాడుకునే దీవి, ఇంకొకళ్ళకు కన్నీళ్ళు పెట్టించిన జైలు. ఇంతకీ అసలు అండమాన్ ఏది? చూసొద్దామని బయల్దేరాను.

చెన్నై నుంచి విమానం రెండుగంటల పైచిలుకు. అంటే ఒక తెలుగు సినిమా పూర్తయ్యేలోపు దిగిపోతారన్నమాట! ఓడ మీద వెళ్ళాలంటే దాదాపు మూడు రోజులు. పోర్ట్‌బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురంగా మారింది. ఊళ్ళో తిరగడానికి ఆటోలున్నాయి, అబర్డీన్ బజారు నుంచి బస్సులున్నాయి. ఆటో ఎక్కేముందే బేరం తెగ్గొట్టుకోండి. ఇంకో ముఖ్య విషయం... అక్కడా మన గడియారమే గాని సూర్యుడు మాత్రం తొందరమనిషి. తెల్లవారుజామున అయిదుకల్లా వెలుగొచ్చేస్తుంది. చలికాలంలో అయితే మ్యాట్నీ వదిలేవేళకి చీకటి! అంచేత బద్ధకస్తులకు ఈ ఊరు పనికిరాదు.

పొద్దున్నే పడవెక్కి రాస్ దీవికి వెళ్ళాను. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం. తెల్లదొరలు 1858 తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా అక్కడే కాపురముండి ఈ దీవులన్నిటినీ ఏలారు. చర్చి కట్టుకున్నారు, రొట్టెల బట్టీ పెట్టుకున్నారు, డాన్సులాడుకున్నారు. ఇప్పుడు ఆ గోడలను చెట్లవేళ్ళు కొండచిలువల్లా చుట్టేశాయి. దొరగారి ముంగిట్లో జింకలు మేస్తున్నాయి. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత సెట్ వెయ్యలేడండీ!

మధ్యాహ్నం సెల్యులర్ జైలు. 1896లో మొదలెట్టి 1906లో పూర్తిచేశారు. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు కొట్లు, ఆరువందల తొంభైకి పైగా గదులు. ఇప్పుడు మిగిలినవి మూడు కొట్లే. ఒక గదిలోకెళ్ళి నిలబడ్డాను. ఎక్కడో పైన చిన్న కిటికీ. తలుపు ముందు నిలబడితే కనిపించేది ఎదుటి కొట్టు వీపు! ఒక ఖైదీ మొహం ఇంకో ఖైదీకి కనబడకూడదని అలా కట్టారు. మనిషికి మనిషిని దూరం చెయ్యడానికి ఇంత లెక్కగా ప్లాను గీశారా అనుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఆవరణలో గానుగ నమూనా ఉంది. ఎద్దులు తిప్పే గానుగకు మనుషుల్ని కట్టారు. రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యాలి, అంటే పదమూడున్నర కిలోలు. తక్కువైతే దెబ్బలు. మమ్మల్ని మనుషుల్లా చూడండి అని 1933లో ఖైదీలు అన్నం మానేశారు. బలవంతాన గొంతులోకి పాలు పోయించబోయారు. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా... ముగ్గురి ప్రాణాలు పోయాయి.

అది చదివి బయటికొస్తే నాకు నిజంగా ఆకలి చచ్చిపోయింది. అయినా కాళ్ళు ఈడ్చుకుంటూ వెళుతుంటే బజారు సందులో తెలుగక్షరాల బోర్డు కనిపించింది, 'భోజనం' అని! ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి పదమూడుమంది తెలుగువాళ్ళే. హోటలాయన నా మొహం చూసి, "జైలు సూసొచ్చారేటి? ముందు కూకోండి బాబూ, అన్నం తినండి," అన్నాడు. వేడన్నం, కోనాం చేపల పులుసు. మొదటి ముద్ద దిగడానికి టైము పట్టింది గాని, రెండో ముద్దకి మా అమ్మ గుర్తొచ్చింది. (పెద్ద హోటళ్ళలో పీతలూ రొయ్యలూ తూకం వేసి వండుతారు. రేటడక్కుండా ఊఁ అనకండి!)

మాటల్లో తెలిసింది, ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి వల భుజానేసుకుని వచ్చాడట. "వచ్చినోళ్ళంతా బీచీ సూత్తారు, జైలు సూత్తారు, ఎల్లిపోతారు. మా పిల్లలకిది కాలాపానీ కాదు, హనీమూనూ కాదు బాబూ. ఊరు!" అన్నాడాయన. రెండు సినిమాల్లోనూ దొరకని మాట అది.

ఆ రాత్రి గదిలో పడుకుంటే మరో సినిమా గుర్తొచ్చింది. 1974 నాటి మన తొలి సినిమాస్కోప్ చిత్రం, కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు'. రాజు ప్రాణం పోవడంతో మన కన్నీళ్ళూ, కథా అయిపోతాయి. మరి ఆయన వెంట నడిచినవాళ్ళ మాటేమిటి? గాం గంటందొర తమ్ముడు మల్లుదొర ద్వీపాంతర శిక్షపడి ఈ అండమానుకే వచ్చాడు. చచ్చిపోతాడనే పంపారు. చావలేదు! తిరిగొచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికై ఢిల్లీ వెళ్ళాడు. మన్యం మనిషి, నల్లనీళ్ళు దాటొచ్చిన ఖైదీ, పార్లమెంటు మెట్లెక్కుతున్నాడు... క్లైమాక్సంటే ఇది కదూ!

ఆ షాటు నేనింతవరకూ తెరమీద చూళ్ళేదు. కథల కోసం తలపట్టుకుని కూర్చున్న కుర్ర దర్శకులెవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారి అండమాన్ వెళ్ళిరండి. హీరోయిన్ని తర్వాత వెతుక్కోవచ్చు!