చెప్పడం కాదు, చేయించడం

ఈ జిల్లా ప్రభుత్వాసుపత్రి పిల్లల వార్డులో డిశ్చార్జి చీటీ చేతికొచ్చినా వెంటనే గడప దాటనివ్వరు. గుమ్మం పక్కన బల్ల దగ్గర సిస్టర్ కూర్చుని ఉంటుంది. ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి ఆమె చెప్పి ఊరుకోదు, చేయించి చూస్తుంది. గోడ నిండా రంగురంగుల చార్టులున్నాయి గానీ వాటి వంక చూసేవాళ్లు తక్కువ. మేం వెళ్లింది వానాకాలం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది విరేచనాల పిల్లలే.

ఓఆర్‌ఎస్ పొట్లంలో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. అందులోని ఉప్పు, గ్లూకోజు, పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కచ్చితంగా లీటరు నీళ్లకు లెక్కగట్టినవి. ఏడాదిన్నర బాబు తల్లి గ్లాసెడు నీళ్లు తీసుకుని, పొట్లం చింపి కొంచెం వంచబోయింది.

"మొత్తం పొయ్యమ్మా, లీటరు నీళ్లలో."

"అన్ని నీళ్లు వీడెక్కడ తాగుతాడండీ?"

"మిగిలితే రేపు ఈ వేళకి పారబొయ్యి. పొడి అందాజుగా వేస్తే ఉప్పెక్కువై వాడికే చేటు."

రెండేళ్లలోపు పిల్లలకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి, ఇంకాస్త నెమ్మదిగా మళ్లీ పట్టాలి.

ఈ వైద్యం మొదటినుంచీ ఇంటివాళ్ల చేతుల్లోదే. 1971లో బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మిన తియ్యటి పానీయాలు వేరు; వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిషేధించింది.

జింకు బిళ్ల మీద పేచీ నానమ్మలతో. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు వెయ్యాలి. విరేచనాలు మూడోరోజుకే కట్టినా ఆపకూడదు; మరికొన్ని నెలలపాటు అవి తిరగబెట్టకుండా కాపాడేది ఆ పూర్తి వరసే. పథ్యం పేరుతో కడుపు మాడ్చడమూ తప్పే. తల్లిపాలు, పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు మామూలుగానే పెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది జ్వరం మందు. పారాసిటమాల్ సిరప్‌లో సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100. సీసా చిన్నది కాబట్టి మందు పలచనిదనుకుంటారు. ఉన్నది అందుకు తలకిందులు. పది కిలోల బిడ్డకు ఒక మోతాదు సుమారు 150 మిల్లీగ్రాములు. సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, చుక్కల మందైతే ఒకటిన్నర. మొదటి లెక్క గుర్తుపెట్టుకుని రెండో సీసాలోంచి పోస్తే మందు నాలుగింతలై కాలేయం మీద పడుతుంది. సిస్టర్ సూదిలేని సిరంజి మీద మార్కరుతో గీత గీసి, ఆ గీత వరకూ తండ్రి చేతే లాగించింది. వంటింటి చెంచాలు రకరకాల సైజులు, కొలతకు పనికిరావు. మోతాదుకూ మోతాదుకూ ఆరు గంటల ఎడం ఉండాలి.

చివరి ప్రశ్న అందరికీ ఒకటే: "ఏం కనబడితే మళ్లీ పరుగెత్తుకొస్తారు?" ఫిట్స్ అని అందరూ చెప్పారు, డొక్కలెగరేయడం కొందరు చెప్పారు. మగతగా పడివుండటం, పాలో నీళ్లో అసలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, విరేచనంలో రక్తం పడటం — ఇవి గుర్తుచేస్తే గానీ రాలేదు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చెయ్యాలి.