కన్నీళ్లు దాగిన పచ్చరాయి!

పర్వతాల మధ్యకు సముద్రం సన్నగా చొచ్చుకొస్తే ఎలా ఉంటుంది? న్యూజిలాండ్ దక్షిణ దీవిలోని మిల్‌ఫర్డ్ సౌండ్‌లా ఉంటుంది. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలు, వాన కురిస్తే చాలు ఎక్కడికక్కడ దూకే జలపాతాలు... పడవలో ఇవన్నీ చూస్తూ సముద్ర ముఖం దాకా వెళ్తే అనిటా బే వస్తుంది. మావోరీలకు ప్రాణప్రదమైన ‘తంగివై’ రాయి పుట్టిల్లు అదే.

తంగివై అంటే కన్నీళ్లు. తనను విడిచి వెళ్లిన భార్యలను వెతుక్కుంటూ తమ అనే వీరుడు ఇక్కడికి వచ్చాడట. వారిలో ఒకరు రాయిగా మారి ఉండటం చూసి భోరుమన్నాడట. ఆ కన్నీళ్లే రాతిలోకి ఇంకిపోయాయని మావోరీల కథ. రాయిని వెలుగుకు ఎత్తిపట్టి చూస్తే లోపల చుక్కల్లాంటి మచ్చలు కనిపిస్తాయి మరి!

శాస్త్రవేత్తల లెక్కలో ఇది సర్పెంటైన్ జాతి రాయి. పాము చర్మాన్ని తలపించే రంగూ మచ్చల వల్లే ఆ జాతికి ఆ పేరు. మావోరీలు గొడ్డళ్లకు వాడిన గట్టి పచ్చరాయి నెఫ్రైట్‌ కంటే ఇది మెత్తన. అయితేనేం, వెలుగు ఇట్టే దూరిపోతుంది. అందుకే పనిముట్లకు కాకుండా చెవులకు, మెడకు వేలాడే నగలకు దీన్ని ఎంచుకున్నారు. ఇనుము ఎరగని రోజుల్లో ఇసుకరాతితో, నీళ్లతో ఓపిగ్గా అరగదీసేవారు. ఇప్పుడు వజ్రపు పొడి అద్దిన రంపాలు వచ్చాయి. నునుపు తేల్చే పనికి మాత్రం నేటికీ చేతి నేర్పే ఆధారం.

ఈ రాయికి మరో కన్నీటి కథా ఉంది. 19వ శతాబ్దంలో దక్షిణ దీవి భూములతో పాటు పచ్చరాయి మీద హక్కూ నాయ్ తాహు తెగ చేజారింది. తరాల పోరాటం తర్వాత 1997లో ప్రత్యేక చట్టం చేసి, ప్రభుత్వం అధీనంలోని పచ్చరాయిని వారికే అప్పగించారు. అందులో తంగివై కూడా ఉంది.

ఇలాంటి నగను తనకోసం కొనుక్కోవడం కన్నా ఆత్మీయులు ఇస్తే ధరించడమే మంచిదని అక్కడ చాలామంది నమ్మకం. పెద్దల మెడలోది పిల్లలకు, వారి నుంచి మనవలకు... అలా చేతులు మారే కొద్దీ దాని విలువ పెరుగుతుంది. పర్యాటకుల దుకాణాల్లో విదేశాల నుంచి తెచ్చిన పచ్చరాళ్లూ ఉంటాయి. కాబట్టి కొనేముందు ‘ఈ రాయి ఎక్కడిది?’ అని ఒక్కమాట అడగాలి. అనిటా బే పేరు వినిపిస్తే... ఆ చిన్న లోలకంలో ఒక తెగ కథంతా ఉన్నట్టే!